ప్రశ్నను చదువుట: వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు పఠన సాధన

వైద్యవిద్య నభ్యసింపగోరు విద్యార్థులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "ప్రవేశ పరీక్షలో గద్యభాగము నిచ్చి, దానిపై ప్రశ్నలడుగు విభాగముండునా? ఉన్నచో, తెలుగు మాధ్యమమున చదువుచున్న మేము దానికెట్లు సిద్ధపడవలెను?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వరకు గల విద్యార్థులందరికి నిది యుపయోగపడునని మా నమ్మకము.

1. అట్టి విభాగము కలదా?

మన దేశమున ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు ఇప్పుడు ఒకే పరీక్ష కలదు. దానిని 'నీట్' అందురు. అది మొదట 2013లో జరిగినది. నడుమ ఆగిపోయి, 2016లో మరల అమలునకు వచ్చినది. మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు చేరువనే కోరమంగలలోనున్న సెయింట్ జాన్స్ వైద్యకళాశాల 1963లో స్థాపింపబడినది. అందు చేరగోరువారును ఈ పరీక్ష వ్రాయవలసినదే. 2025లో జరిగిన నీట్‌లో ప్రశ్నలు 180, కాలము 180 నిమిషములు, మార్కులు 720. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలుండెను. సరియైన జవాబునకు 4 మార్కులు వచ్చును. తప్పు జవాబునకు 1 మార్కు పోవును. ఇందు భాషకుగాని, గద్యపఠనమునకుగాని వేరుగా విభాగము లేదు.

పూర్వము పరిస్థితి కొంత వేరుగా నుండెను. పుదుచ్చేరిలోని జిప్‌మెర్ సంస్థ 2019 వరకు తన ప్రవేశ పరీక్షను తానే నడుపుకొనెను. ఆ పరీక్షలోని 200 ప్రశ్నలలో 10 ప్రశ్నలు ఇంగ్లీషు భాషకును, పఠనావగాహనకును సంబంధించినవి. 2020 నుండి ఆ సంస్థ ప్రవేశములును నీట్ ద్వారానే జరుగుచున్నవి. అన్యదేశములలో నేటికిని ఇట్టి విభాగములు కలవు. అమెరికాలో వైద్యవిద్య కొరకు వ్రాయు ఎంక్యాట్ పరీక్షలో గద్యపఠనమునకే 90 నిమిషములు, 53 ప్రశ్నలు కేటాయింపబడినవి. ఆ గద్యభాగములు సాహిత్యము, చరిత్ర, సమాజశాస్త్రము వంటి విషయములనుండి తీసికొనబడును. వైద్యునకు చరిత్ర గద్యముతో నేమి పని యని మీరడుగవచ్చును. తనకు తెలియని విషయమును చదివి, వ్రాసినవాని యభిప్రాయమును ఉన్నదున్నట్లు గ్రహింపగలడా లేదా యని పరీక్షించుటయే వారి యుద్దేశము.

కాబట్టి మన పరీక్షలో విభాగము లేదు. అట్లని పఠన సాధన యక్కరలేదని తలంపరాదు. నీట్‌లోని 180 ప్రశ్నలును చదివి గ్రహింపవలసిన వాక్యములే. వాని వెనుక నున్న గద్యభాగము మీ పాఠ్యపుస్తకము. తక్కిన పరీక్షలలో గద్యము ప్రశ్న పైననే అచ్చువేయబడి యుండును. ఇక్కడ దానిని మీరు రెండేండ్లు ముందుగా చదివి, మనస్సున నిలుపుకొని రావలెను. విషయము తెలిసియు ప్రశ్నను సరిగా చదువక మార్కులు పోగొట్టుకొనువారు పెక్కుమంది. వారి లోపము శాస్త్రజ్ఞానమున గాక పఠనమున నున్నది.

2. మనకు ప్రత్యేకముగా నున్న చిక్కు

నీట్ ప్రశ్నపత్రము 2017 నుండి తెలుగులోను లభించుచున్నది. 2021 నాటికి భాషల సంఖ్య 13కు చేరినది. తెలుగు కోరుకొన్నవారికి ఇచ్చు ప్రశ్నపత్రమున తెలుగు, ఇంగ్లీషు రెండును పక్కపక్కన నుండును. ఇది మనకు సంతోషకరమైన విషయమే. కాని బెంగుళూరు విద్యార్థి రెండు నియమములను తప్పక తెలిసికొనవలెను.

మొదటిది: ప్రాంతీయ భాషల ప్రశ్నపత్రములు ఆయా రాష్ట్రములలోని కేంద్రములలోనే ఇచ్చుట ఆచారము. అనగా కర్ణాటక కేంద్రములలో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలతోపాటు కన్నడము లభించును. తెలుగు ప్రశ్నపత్రము కావలెనన్నచో ఆంధ్రప్రదేశమునగాని, తెలంగాణమునగాని కేంద్రమును కోరుకొనవలెను. ఇక్కడనుండి అనంతపురమునకు పోవుటకే రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. దరఖాస్తులో ఒకసారి కోరుకొన్న భాషను తరువాత మార్చుకొనుటకు వీలుండకపోవచ్చును. కావున దరఖాస్తు నింపు సంవత్సరమున వెలువడిన సమాచార పత్రికను తల్లిదండ్రులతో కూర్చుండి పూర్తిగా చదువవలెను. ఆ పత్రికను చదువుటయు పఠనావగాహనలో నొక పరీక్షయే.

రెండవది: అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు ప్రతియే ప్రమాణము. ఈ నియమమెంత బరువైనదో 2018లో తెలియవచ్చినది. ఆ సంవత్సరము తమిళ ప్రశ్నపత్రమున 49 ప్రశ్నల అనువాదములో దోషములున్నవని వ్యాజ్యము నడచెను. మద్రాసు ఉన్నత న్యాయస్థానపు మధురై ధర్మాసనము, ప్రశ్నకు 4 మార్కుల చొప్పున, తమిళమున వ్రాసినవారికి 196 మార్కులు కలుపవలెనని జూలై నెలలో తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టు ఆ తీర్పును మొదట నిలిపివేసి, నవంబరులో రద్దు చేసెను. ఆ విద్యార్థులకు కలుపబడిన మార్కులు మిగులలేదు. న్యాయాన్యాయముల చర్చ యెట్లున్నను, విద్యార్థి గ్రహింపవలసినది స్పష్టము. మాతృభాషలో వ్రాయువాడును పక్కనున్న ఇంగ్లీషు వాక్యమును చదివి పోల్చుకొనగల శక్తి సంపాదింపవలెను.

అట్లే పదవ తరగతి పిదప పి.యు.సి. ఆంగ్ల మాధ్యమమున చదివి, బెంగుళూరులోనే ఇంగ్లీషున వ్రాయువారును మనలో ననేకులు. వారు తెలుగున నేర్చిన పఠనమును విడిచిపెట్టనక్కరలేదు. వాక్యమును విడదీసి యర్థము చేసికొను నేర్పు ఒక భాషలో కుదిరినచో రెండవ భాషకును పనికివచ్చును. ఆ నేర్పును సంపాదించు మార్గములను ఇక చెప్పుదుము.

3. వాక్యమును తుదివరకు చదువుట

తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును. కాదనుటయు ఆ చివరనే యుండును. "ఉండును", "ఉండదు" అను రెండు మాటలకు భేదము తుది యక్షరములలో నున్నది. ఇంగ్లీషులో 'నాట్' అను మాట సాధారణముగా వాక్యపు నడుమనే వచ్చి ముందుగా హెచ్చరించును. తెలుగున అట్టి ముందు హెచ్చరిక లేదు. కావున తొందరపడి వాక్యమును ముప్పాతిక చదివి విడిచిన తెలుగు విద్యార్థి పూర్తిగా విరుద్ధమైన యర్థమును గ్రహించును.

ఈ ప్రశ్నను చూడుడు: "క్రింది వాక్యములలో సరికానిది ఏది?"
(1) క్లోమము ఇన్సులిన్‌ను స్రవించును.
(2) కాలేయము పైత్యరసమును తయారుచేయును.
(3) పిత్తాశయము పైత్యరసమును తయారుచేయును.
(4) పైత్యరసములో ఎంజైములుండవు.

'సరికానిది' అను మాటను మరచినవాడు మొదటి వాక్యము సరియైనది గదా యని దానినే గుర్తించి ముందుకు సాగును. నాలుగవ వాక్యములో 'ఉండవు' అను మాటను చూచి, ఇదియే సరికాని దనుకొనువారును కలరు. వాక్యమున 'లేదు' అని యున్నంతమాత్రమున ఆ వాక్యము తప్పు కాదు. పైత్యరసములో ఎంజైములు లేకుండుట నిజము. పిత్తాశయము పైత్యరసమును నిలువచేయునేగాని తయారుచేయదు. కావున జవాబు మూడవది. ఇట్టి ప్రశ్నలలో 'కాని', 'లేని', 'తప్ప' అను మాటల క్రింద పెన్సిలుతో గీత గీయుట అభ్యాసకాలమున నలవాటు చేసికొనుడు. ఇంగ్లీషు ప్రతిలో 'నాట్', 'ఎక్సెప్ట్', 'ఇన్‌కరెక్ట్' అను మాటలకు నట్లే చేయుడు. పిమ్మట ప్రతి వాక్యమునకు పక్కన నిజమో, అబద్ధమో గుర్తువేసి, చివరకు ప్రశ్న యడిగిన దానిని మాత్రమే యెన్నుకొనుడు.

4. పరిమాణము దెలుపు మాటలు

'అన్నియు', 'కొన్ని', 'మాత్రమే', 'సాధారణముగా', 'ఎల్లప్పుడు' అనునవి చిన్నమాటలే. కాని వాక్యపు సత్యాసత్యములు వానిపై నాధారపడి యుండును. "ధమనులు సాధారణముగా ఆమ్లజని సహిత రక్తమును కొనిపోవును" అనుట నిజము. "ధమనులన్నియు ఆమ్లజని సహిత రక్తమును కొనిపోవును" అనుట అబద్ధము. ఏలనన పుపుస ధమని గుండెనుండి ఊపిరితిత్తులకు కొనిపోవునది ఆమ్లజని రహిత రక్తము. రెండు వాక్యములకును భేదము ఒక్క మాటయే.

ఇక్కడ మన భాషలోని సూక్ష్మ మొకటి గమనింపదగినది. "బాక్టీరియాలన్నియు హానికరములు కావు" అను వాక్యమునకు రెండర్థములు చెప్పవచ్చును. హానికరమైన బాక్టీరియా యొకటియు లేదనుట ఒక యర్థము. వానిలో కొన్ని మాత్రమే హానికరములనుట రెండవ యర్థము. నిత్యవ్యవహారమున సందర్భమును బట్టి యర్థము తెలియును, పరీక్షలో సందర్భముండదు. ఇంగ్లీషులో మొదటి యర్థమునకు 'నో' అను మాటతోను, రెండవ యర్థమునకు 'నాట్ ఆల్' అను మాటలతోను వాక్యము మొదలగును. అక్కడ సందేహమునకు చోటు తక్కువ. కావున 'అన్ని' యను మాటయు, 'కాదు' అను మాటయు ఒకే తెలుగు వాక్యమున కనబడినప్పుడు తప్పక ఇంగ్లీషు ప్రతిని చూడుడు. తక్కిన ప్రశ్నలకు రెండు ప్రతులను చదువబోకుడు. ప్రశ్న కొక్క నిమిషమే యున్నది. ప్రతి ప్రశ్నను రెండుమారులు చదివినచో కాలము చాలదు. ఒక భాషలో పూర్తిగా చదివి, సందేహము కలిగిన చోటనే రెండవ భాషను చూచుట మంచి పద్ధతి.

5. 'ఎందుకనగా' అని కలిపి చూచుట

నీట్‌లో వాదన, కారణము అను రెండు వాక్యము లిచ్చి, వాని సంబంధము నడుగు ప్రశ్నలుండును. ఉదాహరణకు:

వాదన: గుండెలోని ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటె మందముగా నుండును.
కారణము: ఎడమ జఠరికలో ఆమ్లజని సహిత రక్తముండును.

రెండు వాక్యములును నిజమే. ఐనను రెండవది మొదటిదానికి కారణమగునా? రెంటిని 'ఎందుకనగా' అను మాటతో కలిపి మెల్లగా చదువుడు. "గోడ మందముగా నుండును, ఎందుకనగా అందు ఆమ్లజని సహిత రక్తముండును." రక్తములో ఆక్సిజన్ ఉన్నంతమాత్రమున గోడ మందమేల కావలెనని మనస్సు ప్రశ్నించును. నిజమైన కారణము వేరు: ఎడమ జఠరిక శరీరమంతటికిని రక్తమును ఎక్కువ పీడనముతో పంపవలెను, కుడి జఠరిక చేరువనున్న ఊపిరితిత్తులకే పంపును. కావున రెండును నిజము, కాని రెండవది మొదటిదానికి సరియైన వివరణ కాదు. మూడు అడుగులు గుర్తుంచుకొనుడు. వాదనను వేరుగా చూడుడు. కారణమును వేరుగా చూడుడు. రెండును నిజమైనప్పుడే 'ఎందుకనగా' అని కలిపి చూడుడు.

6. ఒక గద్యభాగము – నాలుగు వాక్యములు

బ్రిటనులో వైద్యవిద్యకు వ్రాయు యూక్యాట్ పరీక్షలో గద్యభాగమునిచ్చి, ఒక్కొక్క వాక్యమును గూర్చి 'నిజము', 'అబద్ధము', 'చెప్పలేము' అను మూడింటిలో నొకదానిని గుర్తింపుమని యడుగు ప్రశ్నలుండును. పఠన సాధనకు ఇంతకంటె మంచి యభ్యాసము లేదని మా యభిప్రాయము. ఈ క్రింది భాగమును ఒక్కసారి నిదానముగా చదువుడు.

"1880లో లావెరన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తములో మలేరియా పరాన్నజీవిని చూచెను. 1883లో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు బెంగుళూరులో పనిచేయుచు, నిలువనీటిని తొలగించినచో దోమలు తగ్గునని గమనించెను. 1894లో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు దోమలకును మలేరియాకును సంబంధముండవచ్చునని రాస్‌కు తెలిపెను. 1897 ఆగస్టు 20వ తేదీన రాస్ సికిందరాబాదులో, మలేరియా రోగి రక్తమును పీల్చిన దోమను కోసి పరీక్షింపగా, దాని జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి పెరుగుచుండుట కనిపించెను. మరుసటి సంవత్సరము ఆయన కలకత్తాలో, దోమకాటు ద్వారా మలేరియా ఒక పక్షినుండి మరియొక పక్షికి సోకునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను."

ఇప్పుడీ వాక్యములను గూర్చి జవాబు చెప్పుడు.
(క) రాస్ కంటె ముందు మలేరియా పరాన్నజీవిని చూచినవారు లేరు.
(ఖ) సికిందరాబాదు పరిశోధన, బెంగుళూరులో రాస్ దోమలను గమనించిన 14 సంవత్సరములకు జరిగినది.
(గ) దోమకాటు ద్వారా మలేరియా మనుష్యునికి సోకునని రాస్ కలకత్తాలో నిరూపించెను.
(ఘ) బెంగుళూరులోనున్నప్పుడే రాస్‌కు దోమలు మలేరియాను వ్యాపింపజేయునను అనుమానము కలిగెను.

(క) అబద్ధము; లావెరన్ 1880లోనే చూచెను. (ఖ) నిజము; సంఖ్య గద్యములో లేకున్నను 1897 నుండి 1883ను తీసివేసినచో వచ్చును. (గ) చెప్పలేము; గద్యమున పక్షులను గూర్చియే చెప్పబడినది, మనుష్యుని గూర్చి లేదు. మలేరియా మనుష్యునికి దోమకాటుచే సోకునని మనకు తెలియును. కాని మనకు తెలిసినది వేరు, గద్యము చెప్పినది వేరు. (ఘ) ఇదియు చెప్పలేము. బెంగుళూరులో దోమలను గమనించుటయు, తరువాత దోమలలో పరాన్నజీవిని కనుగొనుటయు ఒకే గద్యమున కనబడగా, మొదటిది రెండవదానికి దారితీసినదని మన మనస్సే కల్పించుకొనును. గద్యము ఆ మాట చెప్పలేదు.

ఈ నాలుగింటిలో (గ), (ఘ) లను తప్పినవారు నిరుత్సాహపడవలదు. చదివిన దానికి మనము చేర్చిన దేదో గుర్తించుటయే ఈ యభ్యాసపు ప్రయోజనము. ప్రతివారము మీ పాఠ్యపుస్తకమునుండి పది పంక్తులు తీసికొని, మిత్రు డొకడు ఇట్టి నాలుగు వాక్యములు వ్రాయగా తక్కినవారు జవాబులు చెప్పుడు. వాక్యములు వ్రాయువాడు చదువువానికంటె నెక్కువ నేర్చుకొనును.

7. మూడు వరుసల పుస్తకము

హోసూరు రోడ్డునకును సర్జాపుర రోడ్డునకును నడుమ వెలసిన మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో విద్యార్థి ఇంట తెలుగు మాటలాడును. వీధిలో కన్నడము వినును. దుకాణముల పైన ఇంగ్లీషు చదువును. దీనిని భారముగా తలంపక, సాధనకు అవకాశముగా తీసికొనవచ్చును. ఒక నోటుపుస్తకమున మూడు వరుసలు గీయుడు. తెలుగున 'కిరణజన్య సంయోగక్రియ' యనునది ఇంగ్లీషున 'ఫోటోసింథెసిస్', కన్నడమున 'ద్యుతిసంశ్లేషణె'. తెలుగు 'క్లోమము' ఇంగ్లీషున 'పాంక్రియాస్', కన్నడమున 'మేదోజ్జీరక గ్రంథి'. తెలుగు 'జఠరిక' ఇంగ్లీషున 'వెంట్రికల్', కన్నడమున 'హృత్కుక్షి'. 'మూత్రపిండము' మాత్రము కన్నడమునను 'మూత్రపిండ'మే. దినమునకు మూడు మాటలు చొప్పున వ్రాసినను సంవత్సరమునకు వేయికి పైగా చేరును.

రూపమున నొకటిగా నుండి యర్థమున వేరైన మాటల విషయమున జాగ్రత్త వహింపుడు. తెలుగున 'అవసరము' అనగా కావలసినది. కన్నడమున 'అవసర' యనగా తొందర. తెలిసిన మాటవలె కనబడునది తెలిసినదే యని నమ్మరాదు.

ఇంగ్లీషు పఠనము కొరకు దినమునకు ఒక్క పేరా చాలును. మొదట పేరా నంతటిని చదువుడు. తరువాత పుస్తకము మూసి, దాని సారమును తెలుగున రెండు వాక్యములలో వ్రాయుడు. పిమ్మట పుస్తకము తెరచి సరిచూచుకొనుడు. మాటకు మాట అనువదింపవలదు. భావము వచ్చినదా లేదా యని మాత్రమే చూడుడు. పదవ తరగతి ముగియునాటికి ఈ యలవాటు స్థిరపడినచో, పి.యు.సి. తరగతిలో శాస్త్రపుస్తకము లన్నియు ఇంగ్లీషున నున్నను మీరు బెదరిపోరు.

8. ఈ సాధన యెందులకు?

పరీక్ష యొక దినమున ముగియును. ఈ నేర్పు వైద్యుడైన తరువాతను ప్రతిదినము కావలసియుండును. బెంగుళూరు వైద్యుని యెదుటకు కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ మాటలాడు రోగులు వత్తురు. "నొప్పి ఎల్లప్పుడు ఉన్నది" అన్నవానికిని, "నొప్పి అప్పుడప్పుడు ఉన్నది" అన్నవానికిని చికిత్స వేరు కావచ్చును. "ఈ మందు నాకు పడదు" అను మాటను తుదివరకు విననివాడు అపాయము తెచ్చును. రోగి చెప్పిన దేది, తాను ఊహించిన దేది యని వేరుచేసికొనలేని వైద్యునికి ఎన్ని మార్కులు వచ్చినను ఫలము లేదు.

తెలుగు మాధ్యమమున చదివితిమి గనుక వైద్యవిద్య మనకు కాదని కొందరు విద్యార్థులు తొమ్మిదవ తరగతిలోనే నిశ్చయించుకొనుచున్నారు. వారితో మేము చెప్పునది యొక్కటియే. ప్రశ్నపత్రము మీ భాషలో కలదు. దానిని చేరుటకు ప్రయాణము చేయవలసి యుండవచ్చును. పక్కనున్న ఇంగ్లీషు వాక్యమును గూడ చదువనేర్వవలెను. ఈ రెండును శ్రమతో సాధ్యమగునవే. నేడే మీ జీవశాస్త్ర పుస్తకము తెరచి, ఒక పేరా చదివి, నాలుగు వాక్యములు వ్రాసి, రేపటి తరగతికి తీసికొనిరండు. వానిని మనమందరము కలిసి పరిశీలింతము.